కొలీమా నేల దాచిన సంగతులు

మరిగే నీళ్లను గాల్లోకి విసిరితే కింద పడేలోపు తెల్లటి పొగమంచు అయిపోతాయి. నూడుల్స్‌తో పాటు పైకెత్తిన ఫోర్కు ఏ ఆసరా లేకుండా అలాగే నిలబడిపోతుంది. రెప్పల నిండా మంచు పేరుకున్న ఒక పిల్ల కెమెరా వంక చూసి నవ్వుతుంది. డిసెంబరు వచ్చిందంటే ఇలాంటి వీడియోలు మన ఫోన్లలోనూ తిరుగుతాయి. పన్నెండు డిగ్రీలకే మంకీ క్యాపులు దించుకునేవాళ్లం కనుక నోరెళ్లబెట్టి చూస్తాం, నలుగురికీ పంపిస్తాం. వాటిలో కొన్ని ఈశాన్య రష్యాలోని ఓయ్‌మ్యకోన్ ఊళ్లో తీసినవి. 1933 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. ఆ ఊరికి ఏ దారిన వెళ్లాలో మాత్రం వీడియోల్లో ఎక్కువగా కనిపించదు. యాకూత్స్క్ నగరానికి ఎదురుగా లెనా నది అవతలి గట్టున మొదలై, ఓఖోత్స్క్ సముద్రం ఒడ్డున మగదాన్‌లో ముగిసే రెండు వేల కిలోమీటర్ల రోడ్డు మీదుగానే వెళ్లాలి. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ఆర్-504 కొలీమా రహదారి. జనం పెట్టిన పేరు ఎముకల దారి.

ఆ దారిని 1930లలో సోవియట్ శ్రమ శిబిరాల ఖైదీలు మొదలుపెట్టారు. పార, గునపం, ఒంటిచక్రం తోపుడుబండి, వీటితోనే పని. ప్రాణం పోయినవాళ్లను పక్కనే, కొన్నిచోట్ల రోడ్డు కిందనే పూడ్చి ముందుకు సాగారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రోడ్డు కింద ఎందరున్నారో లెక్క పెట్టినవాళ్లు లేరు. లారీలు మాత్రం ఇప్పటికీ ఆ దారినే సరుకులు మోస్తున్నాయి.

మగదాన్ ప్రాంతం విస్తీర్ణం 4.62 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అందులో అరవై శాతమే. జనం ఎందరంటే, 2021 జనగణనలో 1.36 లక్షలు. అందులోనూ మూడింట రెండొంతుల మంది మగదాన్ నగరంలోనే ఉంటారు. మిగిలినదంతా కొండలు, చిత్తడి నేలలు, నదులు, లార్చి అడవులు. సెయింట్ పీటర్స్‌బర్గ్, ఓస్లో నగరాలున్న అక్షాంశం దగ్గరే మగదానూ ఉంది. కానీ ఓస్లోను వెచ్చబరిచే అట్లాంటిక్ ప్రవాహం లాంటిది దీనికి లేదు. ముందు గడ్డకట్టే సముద్రం, వెనక చలిని లోయల్లో బంధించే పర్వతాలు. మనకు పొద్దున ఏడయ్యేసరికి అక్కడ పగలు పన్నెండున్నర. రైలు మార్గం ఆ ఊరి దాకా రాదు. విమానమో ఓడో ఎక్కాలి, లేదా ఆ రోడ్డే పట్టుకోవాలి. రోడ్డు కూడా అంత తేలిగ్గా చేతికి దొరకదు. యాకూత్స్క్ దగ్గర లెనా మీద వంతెన నిర్మాణం ఇటీవలి సంగతి. తరతరాలుగా వేసవిలో పడవ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే లారీ. మంచు పట్టే వేళా, కరిగే వేళా కొన్ని వారాల పాటు రెండూ ఉండవు. అందుకే కాబోలు, చుట్టూ నీళ్లు లేకపోయినా మగదాన్‌వాళ్లు మిగతా రష్యాకు వెళ్తున్నప్పుడు మెయిన్‌ల్యాండ్‌కు వెళ్తున్నామంటారు.

అందం విషయంలో మాత్రం ఆ నేలకు ఏ లోటూ లేదు. జూన్‌లో రాత్రి పదకొండు దాటినా చీకటి పూర్తిగా పడదు. వేసవి ఎంత పొట్టిదో అంత తొందరగా అన్నీ ఒకేసారి పూస్తాయి. సాల్మన్ చేపలు సముద్రంలోంచి నదుల్లోకి ఎదురీదుతాయి. వాటి కోసం గోధుమరంగు ఎలుగుబంట్లు గట్ల మీద కాపు కాస్తాయి. తీరంలో స్టెల్లర్ సముద్ర గద్ద రెక్కలు చాస్తే ఎనిమిదడుగుల దాకా ఉంటాయి. శీతాకాలం చివర నగాయెవా అఖాతం మంచు మీద బోరు వేసి చిన్న చేపలు పడతారు. కొర్యూష్క అంటారు వాటిని. అప్పుడే పట్టిన కొర్యూష్క దోసకాయ వాసన వేస్తుంది. చేపకు దోసకాయ వాసనేమిటని మనం ముక్కు మీద వేలేసుకోవచ్చు గానీ, ఆ వాసన తగిలితేనే మగదాన్‌వాళ్లకు చలికాలం వెళ్లిపోతోందన్న నమ్మకం. సెప్టెంబరులో లార్చి చెట్ల సూదులన్నీ పసుపు తిరుగుతాయి. నెల తిరగకుండా రాలిపోతాయి.

అన్నిటికంటే విచిత్రమైనది స్త్లానిక్ అనే మరగుజ్జు పైన్ చెట్టు. నిటారుగా పెరగదు, కొమ్మలు నేల వెంట పాకుతాయి. తొలి గట్టి చలి తగలగానే కొమ్మలు వంగి నేలను కరుచుకుంటాయి. పైన మంచు కప్పేస్తుంది. ఆరేడు నెలలు ఆ దుప్పటి కిందే ఉండి, వసంతంలో మళ్లీ లేచి నిలబడుతుంది. దాని గింజలు ఎలుగుకీ, ఉడుతకీ, నట్‌క్రాకర్ పక్షికీ తిండి. మంచు పడబోతోందని ఆకాశం కంటే ముందు ఆ చెట్టు చెబుతుందని రచయిత వర్లాం షలామొవ్ రాశాడు. చలికాలం నడుమ పక్కన నెగడు వేస్తే ఆ వేడికి మోసపోయి మంచులోంచి లేస్తుందనీ, నెగడు ఆరగానే మళ్లీ ఒరిగిపోతుందనీ కూడా రాశాడు.

షలామొవ్ అక్కడికి ప్రకృతి చూడ్డానికి వెళ్లలేదు. 1937లో అయిదేళ్ల శిక్ష మీద కొలీమా నది ప్రాంతపు బంగారు గనులకు పంపారు. అది ముగిశాక 1943లో ఇంకో పదేళ్లు వేశారు. ఇవాన్ బూనిన్ రష్యన్ సాహిత్యంలో క్లాసిక్ రచయిత అన్నాడట, అదే నేరం. ఆ బూనిన్‌కు 1933లోనే నోబెల్ బహుమతి వచ్చింది, కాకపోతే ఆయన దేశం విడిచిపోయిన మనిషి. శిబిరాల్లో స్కర్వీ రోగంతో ఖైదీల పళ్లు ఊడుతుంటే, మందు కింద స్త్లానిక్ సూదుల కషాయం తాగించేవాళ్లు. అది మింగితే గానీ భోజనం పెట్టేవాళ్లు కాదు. చేదు భరించలేక కక్కుకునేవాళ్లు. ఆ కషాయంలో మందు గుణమేమీ లేదని తర్వాత తేలిందని షలామొవే చెబుతాడు. ఆ చెట్టును అంత ప్రేమగా వర్ణించినవాడూ ఆయనే.

ఈ కథకు మొదలు బంగారం. 1928లో యూరి బిలీబిన్ అనే యువ భూగర్భ శాస్త్రవేత్త నాయకత్వంలో కొద్దిమంది ఓలా అనే తీర గ్రామంలో దిగి, కొండలు దాటి, తెప్పల మీద సుడులు దాటుకుంటూ కొలీమా నదిని చేరుకున్నారు. సాహసయాత్రలు ఇష్టపడేవాళ్లకు అదొక గొప్ప అధ్యాయం. అక్కడ బంగారం దండిగా ఉందని ఆయన వేసిన అంచనా నిజమైంది. నిజమైంది కనుకే 1931 నవంబరులో దాల్‌స్త్రోయ్ అనే సంస్థ పుట్టింది. గనులు, రోడ్లు, ఓడరేవు, శిబిరాలు అన్నీ దాని చేతిలోవే. మొదటి అధిపతి ఎదుఆర్ద్ బెర్జిన్ బెర్లిన్‌లో చిత్రలేఖనం చదువుకున్న లాత్వియావాసి. ఆయన హయాం తర్వాతి కాలంతో పోలిస్తే నయమని బతికి బయటపడ్డ ఖైదీలే చెప్పారు. 1938 ఆగస్టులో ఆయన్నీ కాల్చి చంపారు.

అంతకు ముందు అక్కడ మనుషులు లేరా అంటే ఉన్నారు. రెయిన్‌డీర్ మందల వెంట తిరిగే ఎవెన్‌లు, నది పట్టున యుకగీర్‌లు, యాకూత్‌లు. జారు ప్రభుత్వం కూడా గిట్టనివాళ్లను కొలీమాకు పంపింది. అలా వచ్చిన వ్లదీమిర్ యొహెల్సన్, వ్లదీమిర్ బొగొరాజ్ ఖాళీగా కూర్చోక స్థానికుల భాషలు నేర్చుకున్నారు, వాళ్ల కథలు రాసుకున్నారు, చివరికి ప్రపంచం గుర్తించిన మానవశాస్త్రవేత్తలయ్యారు. ఆ ప్రవాసంలో చదువుకునేందుకు తీరిక ఉండేది. సోవియట్ శిబిరంలో పెన్సిలు ముక్క దొరకడమే గండం. యుకగీర్‌ల నుంచి తొలి రచయితగా ఎదిగిన తెక్కీ ఒదులోక్‌ను 1938లో చంపేశారు.

ఖైదీలు ముందు వారాల తరబడి రైల్లో వ్లదివొస్తోక్ దాకా వచ్చేవాళ్లు. అక్కడి నుంచి ఓడ అడుగు భాగాల్లో కుక్కి నగాయెవా రేవుకు తెచ్చేవాళ్లు. మహాకవి ఒసీప్ మండెల్‌స్టామ్ ఓడ కూడా ఎక్కలేదు, 1938 డిసెంబరులో వ్లదివొస్తోక్ మజిలీ శిబిరంలోనే పోయాడు. మరుసటి డిసెంబరులో కొలీమా నుంచి మనుషుల్ని తిరిగి తీసుకొస్తున్న ఇందిగీర్కా ఓడ జపాన్ తీరాన తిరగబడి ఏడు వందల మందికి పైగా చనిపోయారు. 1932కూ 1953కూ మధ్య ఈ శిబిరాలకు సుమారు ఎనిమిది లక్షల మందిని తెచ్చారనీ, లక్షకు పైగా మరణించారనీ ఆర్కైవులు తెరుచుకున్నాక పరిశోధకులు తేల్చారు. అంతకు ముందు 1978లో రాబర్ట్ కాంక్వెస్ట్ ముప్పై లక్షల దాకా అంచనా వేశాడు. ఆ అంకె తప్పని తేలగానే చూశారా, అంతా ప్రచారమేనని కొందరు చేతులు దులుపుకున్నారు. లక్ష చావులు తక్కువ అనిపించే తూకమేదో వాళ్ల దగ్గరే ఉండాలి.

గనుల్లో థర్మామీటరు ఖైదీలకు చూపించేవాళ్లు కాదు. వాళ్లకు వాళ్ల లెక్కలు ఉండేవి. పొగమంచు కమ్మితే నలభై. ఊపిరి వదిలితే చప్పుడు వస్తూ, అయినా ఆయాసం లేకపోతే నలభై అయిదు. చప్పుడుతో పాటు ఆయాసమూ ఉంటే యాభై. ఉమ్మి గాల్లోనే గడ్డకడితే యాభై అయిదు దాటినట్టు. మైనస్ అని ప్రత్యేకంగా చెప్పే పని లేదు. ఇప్పుడు మనం వేడినీళ్లు చిమ్మి ఆడే ఆట వెనక ఇలాంటి పాఠం ఒకటుంది. 1938–39లో మల్‌ద్యాక్ గనిలో సెర్గేయ్ కొరొల్యోవ్ అనే ఇంజనీరు స్కర్వీతో పళ్లు పోగొట్టుకుని చావు అంచు దాకా వెళ్లొచ్చాడు. స్పుత్నిక్‌నీ, గగారిన్‌నీ ఆకాశానికి పంపింది ఆయనే. 1961లో గగారిన్ మన దేశానికి వచ్చి ఊరూరా దండలు వేయించుకున్నప్పుడు ఆ రాకెట్ ఎవరిదన్నది లోకానికి తెలియదు. 1966లో చనిపోయాకే కొరొల్యోవ్ పేరు బయటికొచ్చింది.

కొలీమాకు వెళ్లి, చూసి, ఏమీ చూడకుండా తిరిగొచ్చినవాళ్లలో పేరున్నవాడు అమెరికా ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్. 1944 మే నెలలో వచ్చాడు. ఆయన వచ్చే ముందు కాపలా బురుజులు కూల్చారు, ఖైదీలను కంటపడకుండా దాచారు, దుకాణాల్లో సరుకు నింపారు. పందుల ఫారంలో పనిచేసే ఆడఖైదీలను తప్పించి ఆఫీసు ఉద్యోగినులను నిలబెట్టారని, అతిథి పందుల గురించి ఏదో అడిగితే వాళ్లు తెల్లమొహం వేశారని, అప్పట్లో అక్కడే ఖైదీగా ఉన్న ఎలినోర్ లిప్పర్ తర్వాత రాసింది. వాలెస్ మాత్రం గనుల్లో బలిష్ఠులైన యువకులను చూసి మెచ్చుకున్నాడు. ఆయన వెంట వెళ్లిన పండితుడు ఓవెన్ లాటిమోర్ నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో దాల్‌స్త్రోయ్‌ను ఒక చక్కని అభివృద్ధి సంస్థలాగా వర్ణించాడు. ఇద్దరూ మందమతులు కారు, అబద్ధాలకోరులూ కారు. వ్యవసాయం గురించి వాలెస్‌కు తెలిసినంత ఆ రోజుల్లో చాలామంది రాజకీయ నాయకులకు తెలియదు. చూపించినదాన్నే చూశాడు, అంతే. ఎనిమిదేళ్లకు, 1952లో, తాను పొరబడ్డానని బహిరంగంగా రాశాడు. ఆ మాత్రం చేసినవాళ్లు కూడా తక్కువే.

మన సంగతీ కొంత అలాంటిదే. ఒక తరం తెలుగు పాఠకులు రష్యాను విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చూశారు. రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల గట్టి అట్టల పుస్తకాలు, పిల్లల బొమ్మల కథలు, సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితం. ఆ కాగితంతో పాఠ్యపుస్తకాలకు అట్టలు వేసుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో కూర్చుని చేసిన అనువాదాల మేలు చిన్నది కాదు. టాల్‌స్టాయ్, చెహోవ్ కారుచవకగా చేతికందడం ఒక అదృష్టం. ఆ అదృష్టాన్ని తీసిపారెయ్యడం కృతఘ్నత. అయితే ఆ షాపులకు చేరని పుస్తకాలు కొన్ని ఉన్నాయి. మనింటింటా ‘అమ్మ’గా వెలిసిన గోర్కీ 1929లో సొలొవ్‌కీ శిబిరానికి వెళ్లొచ్చి దాన్ని మెచ్చుకుంటూ రాశాడన్న సంగతి ఆ షాపులు చెప్పలేదు. షలామొవ్ ‘కొలీమా కథలు’ రష్యన్ భాషలో పుస్తకంగా మొదట వెలువడింది 1978లో, అదీ లండన్‌లో. ఆయన 1982లో మాస్కోలోని ఒక మానసిక రోగుల ఆశ్రమంలో చనిపోయాడు. సొంత దేశంలో ఆ కథలు అచ్చయ్యేసరికి ఆ దశాబ్దం చివరికొచ్చింది.

మనుషులు దాచినవాటిని అక్కడి నేల మాత్రం చెరిపెయ్యదు. కొలీమా పరీవాహకంలో నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైన మూరెడు కరిగినా కిందిది కదలదు. అందులో పడినది కుళ్లదు. 1977లో సుసుమాన్ పరిసరాల్లో బంగారం తవ్వుతున్న బుల్‌డోజరుకు ఒక మామత్ పిల్ల తగిలింది. చర్మం, తొండంతో సహా మిగిలిన ఆ పసికూనకు దీమా అని పేరు పెట్టారు. పోయి నలభై వేల ఏళ్లు. 2012లో రష్యన్ శాస్త్రవేత్తలు కొలీమా దిగువ గట్టున, ముప్పై రెండు వేల ఏళ్ల నాటి ఉడుత బొరియలో దొరికిన కాయల కణజాలం నుంచి మొక్కను పెంచి తెల్లని పూలు పూయించారు. సోవియట్ శిబిరాల మీద సోల్జెనిత్సిన్ రాసిన ‘గులాగ్ ఆర్కిపెలాగో’ మొదలయ్యేదే ఇలాంటి వార్తతో. కొలీమా మంచులో వేల ఏళ్ల నాటి జీవులు దొరికితే తవ్వినవాళ్లు అక్కడికక్కడే తినేశారని 1949 నాటి ఒక సైన్సు పత్రిక రాసిందట. శాస్త్రవేత్తలకు విడ్డూరంగా తోచిన ఆ ముక్క ఆయనకు వెంటనే అర్థమైంది. అలా తినేంత ఆకలి ఖైదీలకు తప్ప ఎవరికుంటుంది?

షలామొవ్ కథ ఒకదానిలో యుద్ధ సాయం కింద అమెరికా నుంచి కొలీమాకు బుల్‌డోజరు వస్తుంది. కొండవాలు జారి ఒక సామూహిక గుంత తెరుచుకుంటుంది. లోపల శవాలు పూడ్చిన నాటి మాదిరిగానే ఉన్నాయి, వేళ్లు, మొహాలు, ఆకలిగొన్న కళ్లు. బుల్‌డోజరుకు అప్పజెప్పిన మొదటి పని వాటిని మళ్లీ కప్పేయడం. మామత్ పిల్లను చూడ్డానికి మ్యూజియంలో బారులు తీరతాం. అదే మంచు దాచిన ఈ మనుషులకు పేర్లు కూడా దొరకలేదు.

ఇప్పుడు ఆ మంచే నిలకడగా లేదు. 2020 జూన్ 20న వెర్ఖోయాన్‌స్క్‌లో 38 డిగ్రీలు నమోదైంది. శీతాకాలంలో మైనస్ 67 చూసిన ఊరది. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన అంత వేడి మునుపెన్నడూ లెక్కకెక్కలేదని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. ఉత్తరాది పర్మాఫ్రాస్ట్‌లో నిల్వ ఉన్న కర్బనం మన వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. కొలీమా ముఖద్వారానికి దగ్గరలోని చెర్‌స్కీ ఊళ్లో సెర్గేయ్ జీమొవ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా ఈ హెచ్చరికే చేస్తున్నాడు. అడవిదున్నలను, గుర్రాలను మేపి, మంచును తొక్కించి నేల చల్లదనం కాపాడవచ్చేమోనని ఒక విచిత్రమైన ప్రయోగమూ నడుపుతున్నాడు. అది ఫలించినా, ఫలించకపోయినా ఓయ్‌మ్యకోన్ చలిని వినోదంగా చూసే మనకు ఆ చలి తగ్గడం మంచి వార్త కాదు. మన తీరాల్లో సముద్రం ముందుకొచ్చే లెక్కల్లో అదీ కలుస్తుంది.

కొలీమా వెంట ఇప్పుడు చాలా ఊళ్లు ఖాళీ. సోవియట్ కాలంలో రెట్టింపు జీతాలకు ఆశపడి స్వచ్ఛందంగా వచ్చినవాళ్లూ లక్షల్లో ఉండేవాళ్లు. 1989లో 3.9 లక్షలున్న మగదాన్ ప్రాంత జనాభా ఇప్పుడు మూడో వంతుకు దిగింది. కదిక్‌చాన్ అనే బొగ్గు ఊళ్లో 1996లో గని పేలింది. తర్వాత గని మూసేశారు, వెచ్చబరిచే గొట్టాలు ఆపేశారు, జనం సర్దుకుని వెళ్లిపోయారు. పియానోలు, పాఠ్యపుస్తకాలు అలాగే వదిలేసిన ఫ్లాట్లలోకి ఇప్పుడు ఫోటోలు తీసేవాళ్లు వెళ్తున్నారు. వాళ్ల బాధా బాధే. శిబిరాల కథ ముందు దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

మగదాన్ నగరానికి పైన కొండ మీద 1996లో శిల్పి ఎర్న్‌స్త్ నెయిజ్వెస్త్నీ పదిహేను మీటర్ల కాంక్రీటు ముఖాన్ని నిలబెట్టాడు. శోకముఖం అంటారు. ఎడమ కంట్లోంచి కారే ఒక్కో కన్నీటి చుక్కా ఒక చిన్న ముఖం. లోపలికి మెట్లెక్కితే జైలు గది. యాగోద్నోయే ఊళ్లో ఒక స్థానికుడు తన ఇంట్లోనే తుప్పు పట్టిన డబ్బాలు, పారలు, ఉత్తరాలు పోగేసి మ్యూజియం నడిపాడు. 2019లో యూరి దూద్ అనే యువ జర్నలిస్టు కొలీమా మీద తీసిన సినిమాను యూట్యూబులో కోట్ల మంది చూశారు. అప్పటికి రష్యన్ యువకుల్లో చాలామందికి ఆ సంగతులే తెలియవు. 2021 డిసెంబరు 28న రష్యా సుప్రీంకోర్టు ‘మెమోరియల్’ సంస్థను రద్దు చేసింది. ఆ శిబిరాల్లో పోయినవాళ్ల పేర్లను ఒక్కొక్కటిగా వెతికి రాసిపెట్టిన సంస్థ అది. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నవాళ్లలో అదీ ఒకటి. అలాంటి కోర్టు తీర్పు కింద జ్ఞాపకం నిలుపుకోవడం ఎంత కష్టమో అక్కడ ఉన్నవాళ్లకే తెలియాలి. దూరాన ఉన్నవాళ్లం చేయగలిగిన పని చిన్నదే అయినా ఉంది. రష్యన్ సాహిత్యాన్ని తెలుగువాళ్లు ప్రేమించినంతగా ప్రేమించిన భాషలు తక్కువ. షలామొవ్ ‘కొలీమా కథలు’, మగదాన్‌లో ఖైదూ ప్రవాసమూ అనుభవించిన యెవ్గేనియా గింజ్‌బుర్గ్ ఆత్మకథ ఆ ప్రేమలో భాగం కావలసినవే. మన ప్రచురణకర్తలు, అనువాదకులు వాటిని నాటి ప్రగతి, రాదుగ పుస్తకాలంత శ్రద్ధగా, అంతే చవకగా, జిల్లా గ్రంథాలయాల దాకా చేరేలా అందించాలి.